ఫ్రేము తినే పావు అంగుళం

మా దుకాణానికి వచ్చేవాళ్లు ముందుగా అనే మాట ఒకటే. "పెద్దగ చెయ్యి అన్నా." ఫోటో చూపించరు, ఎక్కడ తగిలిస్తారో చెప్పరు, పెద్దగా మాత్రం కావాలి. పోయిన మనిషి మీద ఎంత ప్రేమ ఉంటే ఫోటో అంత పెద్దగా ఉండాలని మా పాలమూరు మనుషుల లెక్క. బతికున్నప్పుడు ముసలాయనకు ఇంట్లో ఒక కుర్చీ కూడా వేసి ఉండరు. పోయాక మాత్రం ఇరవై ఇంటూ ఇరవై నాలుగు అంగుళాల ఫోటో కావాలి. నాకు ఒళ్లు మండేది. పోయినేడాది నుంచి ఆ మంట లేదు. అది ఎట్లా చల్లారిందో ఎవరికీ చెప్పుకోలేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

వనపర్తిలో ఫ్రేముల దుకాణం పెట్టి ఇరవై ఏడేళ్లయింది. పని నేర్చుకున్నది గద్వాలలో, ఒక ముసలి ఉస్తాద్ దగ్గర. ఆ ఊళ్లో సగం ఇళ్ల దేవుళ్లకు అద్దం బిగించింది ఆయనే. సొంత ఇంట్లో మాత్రం గోడకు ఒక్క బొమ్మ కూడా ఉండేది కాదు. "మేం నమాజు చదువుకునే ఇల్లు బేటా, గోడ ఖాళీగ ఉంటేనే నాకు మనసు నిలుస్తది" అనేవాడు. మొదటి నెలంతా నా చేతికి టేపు తప్ప ఇంకేదీ ఇవ్వలేదు. సుత్తి ముట్టుకుంటే కసిరేవాడు.

"ముందుగాల గోడ చూడు, తర్వాత ఫోటో చూడు. మనిషి ఎంత దూరం నిలవడి చూస్తడో అడుగు. నాలుగు అడుగులైతే ఆరు ఎనిమిది చాలు. ఎనిమిది అడుగులైతే ఎనిమిది పది, పెద్దింట్ల అయితే పన్నెండు పదిహేను. ఆ పైన ఎవడన్న అడిగిండంటే వాడు ఇంటి కోసం అడుగుతలేడు, పక్కింటోళ్ల కోసం అడుగుతుండు."

ఇంకొకటి కూడా చెప్పాడు. ఫ్రేము పట్టీకి లోపలి వైపు ఒక అంచు ఉంటుంది. అద్దమూ ఫోటోవూ జారిపోకుండా ఆ అంచే పట్టుకుంటుంది. చుట్టూ నాలుగు వైపులా పావు అంగుళం ఫోటో దాని కింద దాక్కుంటుంది. "ఫ్రేము గంత తింటది. తిననియ్యాలె. దానికి పెట్టకుంటే అది మనిషిని పట్టుకోదు" అనేవాడు. అందుకే ఫోటో కోసేటప్పుడు చెవి అంచునో, కొప్పులో పూవునో చివరిదాకా పోనివ్వకూడదు. ఆ పావు అంగుళం ఎప్పుడూ వదిలిపెట్టాలి. ఇన్నేళ్లలో వేల ఫ్రేములు బిగించి ఉంటాను, ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఫోన్లు వచ్చాక పని సులువైందని అందరూ అనుకుంటారు. నా ప్రాణానికి వచ్చింది. వాట్సాపులో నాలుగు చేతులు మారి వచ్చిన ఫోటోలో బలం ఉండదు. చిన్నగా వేస్తే చక్కగా ఉంటుంది, పెద్దగా వేస్తే పగిలిపోతుంది. ముక్కూ కళ్లూ చిన్న చిన్న గళ్లుగా విడిపోతాయి. పెబ్బేరు సంతకు ఎడ్లు అమ్మడానికి వచ్చిన ఒకాయన, ఆధార్ కార్డు మీది తండ్రి ముఖాన్ని తలుపంత చెయ్యమన్నాడు. "మీ నాయిన బొటనవేలంత ఉన్నడు, తలుపంత చేస్తే మీ నాయిన మిగలడు" అన్నాను. కోపం తెచ్చుకుని ఇంకో దుకాణానికి పోయాడు. పోతే పోయాడనుకున్నాను. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనే పొగరు అప్పట్లో బాగానే ఉండేది.

ఇక మా పనిలో అసలు కష్టం సైజు కూడా కాదు. ఇక్కడ ఒక పట్టింపు ఉంది. దండ వేసే ఫోటోలో బతికున్న మనిషి ఉండకూడదు. ఉంటే వాళ్ల ఆయుష్షు తరుగుతుందంటారు. అయితే ఊళ్లలో ఒక్కరే నిలబడి ఫోటో దిగినవాళ్లు ఎంతమంది? పెళ్లిలోనో జాతరలోనో పదిమంది మధ్య ఇరుక్కుని దిగిన ఫోటోనే ఉంటుంది. పదకొండో రోజు దినాలకు ఆ ఫోటోనే పట్టుకుని వస్తారు. భుజం మీద ఉన్న తమ్ముడి చెయ్యి తీసెయ్యాలి, ఒడిలో ఉన్న మనవరాలిని తీసెయ్యాలి. చచ్చినవాళ్ల పక్క నుంచి బతికున్నవాళ్లను కోసి పారెయ్యడమే నా సగం బతుకు. ముందు కత్తెరతో చేసేవాణ్ని, తర్వాత కంప్యూటర్లో నేర్చుకున్నాను.

ఐదేళ్ల కిందట పాన్‌గల్ నుంచి ఒకామె వచ్చింది. యాభై లోపే ఉంటుంది. బండి మీద నుంచి పడి కొడుకు పోయాడు. ఫోటోలో ఆ పిల్లవాడు గడప మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఈమె వెనక నిలబడి వాడి నెత్తి మీద చెయ్యి పెట్టింది. "రేపే దినాలు సారూ, జర మంచిగ చెయ్యి" అని ఫోన్ ఇచ్చి, బెంచీ చివర కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. అడిగే అలవాటు లేదు. ఆమెను తీసేశాను, నెత్తి మీద చేతిని తీసేశాను, చెయ్యి ఉన్నచోట జుట్టు నింపాను. పని శుభ్రంగా వచ్చింది. నిజం చెప్పాలంటే నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఫ్రేము చేతికి ఇచ్చాక ఆమె చాలాసేపు చూసింది.

"వాని నెత్తి మీద నా చెయ్యేది సారూ?"

"బతికున్నోళ్లు దండ కింద ఉండొద్దు గదమ్మా. అందుకే తీసిన."

"నేను బతికున్ననని నీకెవరు చెప్పిండ్రు?"

తిరిగి చెయ్యడానికి సమయం లేదు, బస్సు వేళ అయిపోయింది. ఆమె ఫ్రేమును పేపర్లో చుట్టించుకుని, బొమ్మ తన వైపు ఉండేలా గుండెకు ఆనించుకుని బస్టాండు వైపు నడిచింది.

అప్పుడు నా భార్య దుకాణంలోనే ఉంది. మధ్యాహ్నం వంట అయ్యాక వచ్చి వెనక బల్ల దగ్గర కూర్చుని అద్దాలు తుడిచేది. పాత పేపరు ఉండచేసి, నోటి ఆవిరి పట్టించి తుడిస్తే అద్దం ఉందో లేదో తెలిసేది కాదు. అద్దం మీద ఒక్క వేలిముద్ర ఉన్నా ఒప్పుకునేది కాదు. ఆమె చేతిలో పేపరు ఆగిపోయింది.

"చెయ్యి ఉంటే ఏమైతుండె?" అంది. "తల్లి చెయ్యి గూడ తియ్యాల్నా?"

"నీకేం తెల్వదు. పట్టింపు పట్టింపే. అద్దం తుడువు" అన్నాను.

తుడిచింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ పట్టించుకోలేదు. నీకేం తెల్వదని ఆమెతో అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. అయితే ఇప్పుడు సిగ్గుపడి ఎవరికి చెప్పను?

ఫ్రేములవాడి ఇల్లు గదా, గోడల నిండా ఫోటోలు ఉంటాయని చుట్టాలు అనుకునేవారు. మా ఇంట్లో దేవుడి పటం, మా నాయిన ఫోటో, కూతురి పెళ్లిఫోటో, అంతే. నా భార్యకు ఫోటో దిగడమంటే పడేది కాదు. ఫోన్ ఎత్తితే కొంగు అడ్డం పెట్టుకునేది, లేదంటే వంటింట్లోకి పోయేది. "నన్నెందుకు దింపుతవయ్యా? ఎట్లయిన ఒకనాడు నీ దుకాణంల ఎక్కేదే గద" అని నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని.

పోయిన వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరమే అనుకున్నాం. పన్నెండు రోజులు దవాఖానలో ఉండి, పదమూడో రోజు పొద్దున తొమ్మిదింటికి పోయింది. నాగర్‌కర్నూల్‌లో ఉండే నా కూతురు వచ్చేసరికి పదకొండు దాటింది. ఇటిక్యాల నుంచి మా అక్క వచ్చింది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. మా అమ్మ పోయినప్పటి నుంచి మా ఇంట్లో పట్టింపులన్నీ ఆమె నోటి నుంచే వస్తాయి.

మూడో రోజు ఆమె, "తమ్మీ, ఫోటో చూసుకో. నీ పనే గద" అంది. నా పనే. ఇల్లంతా వెతికితే ఏం దొరికాయి? ఆధార్ కార్డులో ఒక ముఖం, అది నా భార్యది అని చెబితే తప్ప తెలియదు. కూతురి పెళ్లి ఆల్బంలో వంగి వడ్డిస్తున్న వీపులు రెండు. ఊళ్లో అందరి ఇళ్ల మనుషులనూ గోడలెక్కించినవాణ్ని, నా మనిషిని ఎక్కించడానికి బొమ్మ లేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

చివరికి ఒకటి దొరికింది. రెండేళ్ల కిందట అందరం అక్కవాళ్ల ఊరు పోయి వస్తూ బీచుపల్లి దగ్గర కృష్ణలో కాళ్లు కడుక్కోవడానికి దిగాం. మెట్లు పాచి పట్టి ఉన్నాయి. నా భార్య జారిపోతానేమోనని నా మోచెయ్యి రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అదే అదనుగా పై మెట్టు నుంచి కూతురు ఫోన్ ఎత్తింది. కొంగు అడ్డం పెట్టుకోవాలంటే నన్ను వదలాలి, వదిలితే జారుతుంది. ఏం చెయ్యలేక నవ్వింది. పళ్లు కనిపించేలా, కళ్లు సగం మూసుకుపోయేలా నవ్వింది. పెదవి పక్క పుట్టుమచ్చ కూడా కనిపిస్తోంది. ఆమె ఉన్న మంచి ఫోటో ఈ లోకంలో అదొక్కటే. కూతురి పాత ఫోన్ ఎప్పుడో నీళ్లలో పడి పాడైపోయింది. వాట్సాపులో నాకు పంపిన కాపీ మిగిలింది. బలం లేని కాపీ.

ఏడో రోజు దుకాణం తెరిచి ఏం చేశానో చెప్పడానికి నోరు రావడం లేదు. పదహారు ఇంటూ ఇరవై పెట్టాను. నా చేతులతో నేనే పెట్టాను. పగులుతుందని తెలుసు, ఎంతమందికి చెప్పానో తెలుసు. అయినా చిన్న ఫోటో పెడితే ఆమెకు తక్కువ చేసినట్టు అవుతుందనిపించింది. అద్దాలు తుడుస్తూ వెనక బల్ల దగ్గరే బతుకంతా గడిపిన మనిషి, పోయాకైనా పెద్దగా ఉండాలనిపించింది. ఫోటోలోంచి నన్ను కోసేసి, పాచి మెట్ల మీది ఆమెను మాత్రం ఉంచి పాలమూరులోని ఫోటో ల్యాబుకు పంపాను. మరునాడు బస్సులో ప్రింటు చుట్ట వచ్చింది.

ఒక అట్టకు నాలుగు మూలలా గుచ్చి, రోడ్డుకు ఎదురుగా వెనక గోడకు నిలబెట్టి చూశాను. ఎవరో ఉన్నారు. బుగ్గలు గళ్లు గళ్లుగా విడిపోయాయి. పళ్లు ఒక తెల్లటి మచ్చ. పుట్టుమచ్చ కోసం వేలితో వెతికాను, దొరకలేదు. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకో అడుగు వేశాను. దుకాణం మెట్టు దిగి రోడ్డు మీదికి వచ్చాను. ఆటోలు హారన్లు కొడుతున్నాయి. రోడ్డు అవతల కిరాణా కొట్టు ముందు నిలబడి చూస్తే అప్పుడు కనిపించింది, పూర్తిగా, నవ్వుతూ. మా ఇంటి ముందరి గది తొమ్మిది అడుగులు. అంత దూరం నుంచి ఆమెను చూడాలంటే నేను ఇంట్లో ఉండకూడదు. అక్కడే, ఆ కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని ఏడ్చాను. పెబ్బేరు సంతకు వచ్చిన ఆ ఎడ్లాయన గుర్తొచ్చాడు. అతనితో ఆ రోజు కాస్త మెత్తగా మాట్లాడి ఉండాల్సింది.

తొమ్మిదో రోజు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి టేపు తీసుకుని ఇంటికి పోయి ముందు గోడ చూశాను. ఆమె రోజూ బియ్యం ఏరుకుంటూ కూర్చునే చోటికి ఎదురుగా, కిటికీ పక్కన. కుర్చీలో కూర్చుని చూస్తే ఐదు అడుగులు. ఎనిమిది ఇంటూ పది సరిపోతుంది, అంతకు మించితే పగులుతుంది. సైజు తేలింది. ఇక కోత మిగిలింది.

ల్యాబుకు పంపినదానిలో నన్ను తీసెయ్యడానికి ఆమె మణికట్టు దగ్గర కోశాను. ఇప్పుడు మళ్లీ అదే గీత దగ్గరికి వచ్చి చెయ్యి ఆగిపోయింది. నన్ను కోస్తే ఆమె రెండు చేతులూ పోతాయి. చేతులు ఉండాలంటే నా మోచెయ్యి ఉండాలి. మోచెయ్యి తీసేసి ఏదైనా నింపొచ్చు, నాకు చేతనైన పనే. కానీ అప్పుడు ఆమె ఖాళీ గాలిని పట్టుకుని ఉంటుంది. నేను లేకపోతే ఆ మెట్ల మీద పడిపోయేది. ఆమె నవ్వుకు కారణమే నా మోచెయ్యి. పాన్‌గల్ తల్లి మాట చెవిలో మళ్లీ వినిపించింది.

రాత్రి అక్కతో మాటవరసకు అన్నాను. "అక్కా, నా చెయ్యి ఒక్కటి జరంత పడుతున్నది ఫోటోల."

"వద్దురా. నీ బిడ్డకు ఇప్పటికే తల్లి లేదు. బతికున్నోని గోరు గూడ దండ కింద ఉండొద్దు. తీసెయ్" అంది. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. నన్ను పెంచిన మనిషి. ఆమెను కాదనే ధైర్యం నాకు లేదు.

పదో రోజు పొద్దున్నే దుకాణం అటక మీద వెతికాను. గద్వాల ఉస్తాద్ దుకాణం మూసేసినప్పుడు నాకిచ్చిన పాత టేకు పట్టీలు కొన్ని ఉన్నాయి. దేవుళ్ల పటాలకు వాడే వెడల్పాటి రకం, ఇప్పుడు ఎవరూ అడగరు. వాటి లోపలి అంచు పావు అంగుళం కాదు, ముప్పావు అంగుళం ఉంటుంది. ఫోటోను నా మోచెయ్యి దాకా ఉంచి ప్రింటు తీశాను. మిగతా మూడు పక్కలా అంత మేర తెల్ల కాగితం వదిలాను. మూడు పక్కలా ఫ్రేము తెల్ల కాగితాన్నే తింటుంది. కుడిపక్క మాత్రం నన్ను తింటుంది.

అద్దం తుడవడానికి కూర్చుంటే పేపరు ఉండచెయ్యడం కూడా నాకు సరిగ్గా రాలేదు. మూడుసార్లు తుడిచినా గీతలు మిగిలాయి. అట్ట పెట్టి చీలలు కొడుతుంటే తోచింది. ఈ ఉపాయం పాన్‌గల్ తల్లి వచ్చిననాడు ఎందుకు తోచలేదు? ఆ పిల్లవాడి నెత్తి మీద తల్లి చెయ్యి ఉంచి, పై పట్టీ వెడల్పుది వేస్తే అయిపోయేది. పట్టీలు అప్పుడూ ఈ అటక మీదే ఉన్నాయి. నా భార్య అడగనే అడిగింది, చెయ్యి ఉంటే ఏమవుతుందని. ఆ ఫోటో కోసం కంప్యూటరంతా వెతికాను, మధ్యలో ఒకసారి చెడిపోతే అన్నీ పోయాయి. ఆమె ఊరు తెలుసు, ఇల్లు తెలియదు. పోయి ఏమని చెప్పాలో అంతకన్నా తెలియదు. నేను చేసింది తప్పు పని. దాన్ని సరిదిద్దే దారి నాకు దొరకలేదు.

పదకొండో రోజు ఫ్రేము కిటికీ పక్కన తగిలించాను. దినాలకు వచ్చినవాళ్లు చిన్నగా ఉందన్నారు. ఫ్రేములవాడు సొంత భార్యకు ఇంతేనా చేసింది అని ఎవరో అనడం విన్నాను. అక్క స్టూలు ఎక్కి చామంతి దండ చేతిలోకి తీసుకుంది. వెయ్యబోయి ఆగింది. దగ్గరికి వంగి చూసింది.

"ఈ చేతులు ఏడికి పోతున్నయిరా?"

ఫోటోలో నా భార్య రెండు చేతులూ కుడివైపుకు చాచి ఉంటాయి. మణికట్టు దాటగానే టేకు పట్టీ కిందికి వెళ్లిపోతాయి.

"ఫ్రేము తిన్నది అక్కా" అన్నాను.

అక్క నా వైపు తిరిగింది. చిన్నప్పుడు అబద్ధం చెబితే ఎట్లా చూసేదో అట్లాగే చూసింది. గదిలో అందరూ ఉన్నారు. పట్టీ కుడి అంచును బొటనవేలితో ఒకసారి తడిమింది. తర్వాత దండ ఎత్తి పైన రెండు మూలలకూ వెయ్యకుండా ఎడమ మూలకు ఒక్కదానికే తగిలించింది. కుడివైపు ఒక్క పూరేకు కూడా పడకుండా కొసలు ఎడమకే సర్దింది. స్టూలు దిగి వంటింట్లోకి పోయింది.

ఏడాది మాసికానికి మొన్న మళ్లీ వచ్చింది. నేను దండ మారుస్తుంటే వెనక నిలబడి, "ఎడమకే తమ్మీ, ఎడమకే" అంది.